అడుగులు తినే గచ్చు

హాలెట్ ఫాల్స్‌కు నడిబొడ్డంటూ ఒకటి ఉందని ఆ ఊళ్ళో పుట్టిన పిల్లలే మరిచిపోయారు. నది ఒడ్డున కాగితం మిల్లులు నడిచినన్నాళ్ళూ మెయిన్ స్ట్రీట్‌లో కాలు పెట్టే సందు ఉండేది కాదట. మిల్లులు మూతపడ్డాయి, ఊరు హైవే పక్కకు జరిగింది, నడిబొడ్డున ఉన్న ఎర్ర ఇటుక మేడలు కిటికీలకు చెక్కలు కొట్టించుకుని కూర్చున్నాయి. వచ్చిన ప్రతి మేయరూ డౌన్‌టౌన్‌ను బాగుచేస్తానని గెలవడం, బాగుచేయకుండానే దిగిపోవడం. అమెరికా అయినా అమలాపురమైనా ఎన్నికల మాట ఎన్నికల మాటే.

అలాంటి ఊళ్ళో ఇందుమతి గచ్చు కనిపెట్టింది. ఆమె అక్కడి యూనివర్సిటీ ల్యాబ్‌లో కట్టడాల పదార్థాల మీద పనిచేస్తుంది. సొంతూరు మంగళగిరి. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోమని పోరేవాళ్ళు పోరి పోరి అలిసిపోయారు. ఈ గచ్చు మీదే పదేళ్ళకు పైగా గడిపింది, జుట్టు కూడా దీని మీదే నెరిసింది.

దాన్ని మొదటిసారి నలుగురికీ చూపించింది మెయిన్ స్ట్రీట్‌లోనే. పాడుబడిన బ్యాంకు ముందు, విరిగిపోయిన మెట్ల మీద బూడిదరంగు ముద్ద పూసి, పక్క స్కూలు పిల్లలను రోజూ ఆ మెట్ల మీద ఎగరమని వదిలేసింది. నెల తిరిగేసరికి విరిగిన అంచులు పూడుకున్నాయి. ఇంకో నెలకు మెట్ల పక్కన ఎవరూ కట్టని చిన్న పిట్టగోడ లేచింది, పిల్లలు చెయ్యి వేసి పట్టుకునే ఎత్తులో. చూడ్డానికొచ్చిన కౌన్సిల్ వాళ్ళు దాన్ని తట్టి చూశారు, తన్ని చూశారు. రాయిలా ఉంది.

"ఇందులో కంటికి కనిపించని జీవాలుంటాయి" అని చెప్పింది ఇందుమతి. "మనిషి అడుగు పడితే ఆ అదురుకు మేలుకుంటాయి. మేలుకుంటే సున్నాన్ని రాయిగా కడతాయి. అడుగు పడనిచోట నిద్రపోతాయి, పట్టు వదిలేస్తాయి."

"కార్ల అదురుకో?" అని అడిగింది డెబ్రా కెసెల్. డౌన్‌టౌన్ పునర్నిర్మాణం మొత్తం ఆవిడ చేతి మీదుగానే నడుస్తోంది. మాట మెత్తన, పట్టు గట్టి.

"చక్రాలను లెక్కలోకి తీసుకోకుండా చేశాం. లేకపోతే ఊరంతా హైవే చుట్టూ పెరుగుతుంది."

కెసెల్‌కు బాగా నచ్చింది గచ్చు కట్టే గుణం కాదు, వదిలేసే గుణం. ఏ మేడ ఉంచాలి, ఏది కూల్చాలి అన్న తగాదాలతోనే మూడు ప్రణాళికలు మూలపడ్డాయి. ఇప్పుడు ఎవరూ ఎవర్నీ ఖాళీ చేయించనక్కర్లేదు. జనం నడిచేచోట ఊరు దానంతటదే పెరుగుతుంది, నడవనిచోట దానంతటదే రాలుతుంది. "కాళ్ళతో వేసే ఓటు" అంది కెసెల్, పత్రికలవాళ్ళు రాసుకున్నారు. గోడలకు చెవులుంటాయని మనవాళ్ళు అంటారు. ఇందుమతి గోడలకు ఆకలి కూడా ఉంది.

ఆ వేసవిలో మెయిన్ స్ట్రీట్ పొడవునా, మేడల ముఖాలకూ పునాదులకూ గచ్చు పట్టించారు. పక్క సందుల్లో, వెనక దారుల్లో పట్టించలేదు. అక్కడ ఎవరు నడుస్తారు అనుకున్నారు.

తాయారు మెస్ ఉన్నది ఆ వీధిలోనే. తాయారు ఇందుమతికి తోబుట్టువు, ఎనిమిదేళ్ళు పెద్ద. ఆమె భర్త పానకాలు ఒకప్పుడు ట్రక్కులు తోలేవాడు. ఎవరూ రాని కాలంలో, ఎవరూ కొనని కింది అంతస్తు కొనుక్కుని హోటల్ పెట్టాడు, పైన కాపురం. కంచాల్లో కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడి, వేడన్నం. చుట్టుపక్కల మూడు కౌంటీల తెలుగువాళ్ళు వారానికి ఒక్కసారైనా అక్కడ తేలాల్సిందే. వాళ్ళను చూసి తెల్లవాళ్ళు, మెక్సికో వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు.

గచ్చు పూయడానికి మనుషులు వచ్చినప్పుడు పానకాలు వాళ్ళకు కాఫీలిచ్చి మరీ పూయించుకున్నాడు. "మా మరదలు కనిపెట్టింది, తెలుసా" అని వాళ్ళకు అర్థంకాని భాషలో చెప్పుకున్నాడు. ఆ మేడ ఇటుకల మధ్యనున్న పాతకాలపు సున్నం మెత్తగా అయిపోయి ఉంది. గచ్చు ఆ సున్నాన్ని తినేసి, దాని స్థానంలో తాను కూర్చుంది. మొదటి రెండు నెలలు గోడ కొత్త పెళ్ళికూతురు ముఖంలా మెరిసింది.

ఆకు రాలే కాలం వచ్చేసరికి గోడ కూడా రాలడం మొదలుపెట్టింది.

తాయారు రోజూ పొద్దున ముందువైపు ఇసుక ఊడ్చి చేటకెత్తి పారబోస్తోంది. చలికి అనుకుంది. చెల్లెలు ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు మాటవరసకు చెప్పింది. ఇందుమతి చెయ్యి కడుక్కోకుండానే లేచి వీధిలోకి వెళ్ళి, గోడకు వేలు ఆనించింది. ఇటుకల మధ్య వేలు రెండు కణుపుల దాకా దిగింది.

"ఇంతమంది జనం వస్తారు గదా, ఎందుకు రాలుతోంది?" అని పైకే అంది. అంటూనే ముందు తలుపు వంక చూసింది. దానికి లోపలినుంచి అడ్డకర్ర వేసి, ముందు బియ్యం బస్తాలు పేర్చి ఉన్నాయి. తను కూడా ఇన్నేళ్ళూ తూర్పు సందులోని తలుపు గుండానే లోపలికి వస్తోంది.

సంగతేమిటంటే, ఆ మేడ దక్షిణం ముఖంది. హోటల్ పెట్టిన ఏడాదే పానకాలు మంచుమీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మంచు జారుడుగా ఉండబట్టి జారానని అనుకోడానికి మనసొప్పక, వీడియో కాల్‌లో గుంటూరు వాస్తు పండితుడికి ఇల్లంతా చూపించాడు. దక్షిణం గుమ్మం మూసెయ్యండి, తూర్పునుంచి నడవండి అన్నాడాయన. ఆ రోజు మూసిన తలుపు మళ్ళీ తియ్యలేదు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి. హోటల్ కిటకిటలాడుతూనే ఉంది, గచ్చు లెక్కలో మాత్రం ఆ మేడలోకి పురుగు కూడా అడుగుపెట్టడం లేదు.

ఇందుమతికి నవ్వు రాలేదు. ఈ తలుపు సంగతి ప్రపంచంలో గచ్చు తెలిసినవాళ్ళలో తనొక్కదానికే తెలుసు. తెలిసీ తట్టలేదు.

మర్నాడు ల్యాబ్‌లో ఫ్రిజ్ తెరిచి చూసింది. లోపల నీలం మూత డబ్బాల్లో ఆపుమందు ఉంది. గచ్చుతో పాటే తయారుచేసింది, ఏ ప్రయోగానికైనా పగ్గం ఉండాలని. ఒక్క చోట పోస్తే చాలు, జీవాలు చచ్చి, గోడ ఎంతవరకు రాలిందో అక్కడితో ఆగుతుంది. చిక్కల్లా ఒకటే. వీధి పొడవునా గచ్చంతా ఒకే ఒళ్ళు. ఒక గోడ దగ్గర పోస్తే వారంలో వీధంతా చస్తుంది. ఆ తరవాత అది మామూలు సున్నం, ఏ అడుగుకూ పలకదు.

ఆమె కెసెల్ దగ్గరికి వెళ్ళి చెప్పింది. కెసెల్ ఓపికగా విన్నది.

"ఒక గోడ కోసం వీధి మొత్తాన్ని ఆపమంటారా డాక్టర్? మీ పదేళ్ళ పని. మూల మీద కొత్తగా కట్టిన రివర్ పాయింట్ టవర్ ఇప్పుడే నిండుతోంది. ఇంకో నాలుగు ఊళ్ళు మిమ్మల్ని పిలుస్తున్నాయి."

"అది మా అక్క ఇల్లు."

"తెలుసు. అందుకే మీరు నిర్ణయించకూడదు. నేను వద్దంటున్నాను, భారం నాది."

బయటికొచ్చాక ఇందుమతికి గుండె తేలికైంది. వద్దన్నందుకు బాధ కలగాలి గదా, కలగలేదు. తనే వద్దనాల్సిన పని తప్పిపోయిందని హాయి వేసింది. ఆ హాయి తనకే నచ్చలేదు, కానీ వేసింది.

సాయంత్రం అక్కకు ఇలా చెప్పింది: "దీనికి మందు లేదక్కా. ముందు తలుపు తీసి జనాన్ని అటునుంచి నడిపించడం ఒక్కటే దారి."

"దక్షిణం తలుపా?" అన్నాడు పానకాలు. "నా చెయ్యి చూశావా, ఇప్పటికీ చలికాలం సలుపుద్ది."

"గోడ పడితే చెయ్యి కాదు బావా, అందరం పోతాం."

"ఇంకేదన్నా చూడమ్మాయ్. నువ్వు చదువుకున్నదానివి."

తాయారు చారు కలుపుతోంది. ఆమె భర్తతో వాదించే రకం కాదు, పక్కనుంచి వచ్చే రకం. "ఏవండీ, దోషానికి పరిహారం ఉంటది గదా" అంది. "ప్రదక్షిణాలు చేయిద్దాం. దక్షిణం గుమ్మంలోంచి లోపలికొచ్చి, మంగళగిరి స్వామి పటానికి దణ్ణం పెట్టుకుని, తూర్పు తలుపులోంచి సందులోకి పోయి, మళ్ళీ ముందుకు రావాల. గోడకి అడుగులు, మీకు పుణ్యం."

పానకాలు ఆలోచించాడు. స్వామి పేరు చెప్పాక కాదనడం ఆయన వల్ల కాదు. "పానకం కూడా పోద్దామైతే" అన్నాడు.

ఆ ఆదివారం బియ్యం బస్తాలు పక్కకు జరిగాయి. జనం వచ్చారు. మొదట మొహమాటానికి, తరవాత సరదాకు, ఆనక నిజంగానే భక్తికి. చెప్పులు విడిచి తిరుగుతామని కొందరు, ఈ చలిలోనా అని కొందరు. బూట్లతోనే బాగా అదురుతుందని ఇందుమతి తీర్పు చెప్పింది. చీరల మీద కోట్లు, కోట్ల మీద శాలువాలు వేసుకుని ఆడవాళ్ళు తిరిగారు. మోకాళ్ళు అరిగిన సుందరమ్మగారు కోడలి భుజం పట్టుకుని తిరిగింది. చుట్లు ఎన్నయ్యాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇందుమతి కూడా వాళ్ళతో పాటు తిరిగింది. తిరిగినవాళ్ళకల్లా పానకాలు గుమ్మం దగ్గర నిలబడి మిరియాలు ఘాటుగా దంచి కలిపిన పానకం పోశాడు.

వారం వారం జరిగింది. మధ్యలో పనిరోజుల్లో కూడా జనం అటునుంచే నడిచారు. నెలలోపే గోడ బిగిసింది. గుమ్మం మీద ఎవరూ కట్టని చిన్న చూరు కూడా లేచింది. పానకాలు దాన్ని తడిమి తడిమి మురిసిపోయాడు. దక్షిణం తలుపు మీద అన్నేళ్ళు పెట్టుకున్న కోపం అంతా మరిచిపోయాడు.

వాళ్ళకు పడమటి పక్కన, గోడ ఆనుకుని లెస్టర్ హోల్ట్ ఉంటాడు. గడియారాలు బాగుచేసే ముసలాయన. షుగర్ వ్యాధికి కాలు పోయి చక్రాల కుర్చీలో తిరుగుతాడు. పొద్దున్నే తాయారు పంపే ఉప్మాతోనే ఆయన రోజు మొదలయ్యేది. పానకాలు వెళ్ళి గిన్నె ఇచ్చి, అరగంట కూర్చుని వచ్చేవాడు, ఆ అరగంటా ఇద్దరూ చెరో భాషలో వాతావరణాన్ని తిట్టుకునేవాళ్ళు.

ఒకరోజు పానకాలు ఉప్మా గిన్నె తిరిగి పట్టుకొచ్చాడు. గిన్నెలో ఇసుక ఉంది.

"పైకప్పు కిందినుంచి రాలి పడిందంట. తింటుంటే పంటికింద తగిలిందంట. వీధివైపు గోడ వేలేస్తే దిగుతోంది తాయారూ, మన గోడ దిగినట్టే."

తాయారు చెల్లెల్ని పిలిపించింది. నిలబెట్టే అడిగింది. "మన గోడకొచ్చిన సున్నం యాడ్నించి వచ్చిందే?"

ఇందుమతి తప్పించుకోలేదు. గచ్చు ఉత్తి గాలిలోంచి రాయి పుట్టించదు. అడుగులు లేనిచోట వదిలేసిన సున్నం నేలలోని తడిలో కరిగి అడుగులున్న చోటికి పారుతుంది. అడుగుల్లేని వాటిలో ఏది అన్నిటికన్నా దగ్గరుంటే దాన్ని ముందు తింటుంది. లెస్టర్‌వి చక్రాలు, పానకాలు వేసే నాలుగడుగులు ఏ మూలకూ చాలవు. ఆయన రోజంతా తిరిగినా గచ్చు దృష్టిలో ఆ ఇంట్లో మనిషి లేనట్టే. మంగళగిరిలో స్వామి తనకు పోసిన పానకంలో సగం తాగి సగం తిరిగిస్తాడు. ఇందుమతి గచ్చుకు ఆ మర్యాద లేదు.

"నీకు ముందే తెలుసా?" అంది తాయారు.

"తెలుసు. ఆయనదే పోతుందని మాత్రం అనుకోలేదు."

"ఎవరిదో ఒకరిది పోద్దని తెలుసు."

ఇందుమతి తల ఊపింది. ఆ ఆదివారం జనం వచ్చేసరికి తాయారు గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల పెద్ద ప్రదక్షిణం" అని చెప్పింది. లెస్టర్ మేడను కూడా కలుపుకుని చుట్టూ తిరగాలంది. ఎవరూ ఎందుకని అడగలేదు. లెస్టర్ కిటికీలోంచి చూసి చెయ్యి ఊపాడు, తనకు కూడా గుక్కెడు పానకం అందింది.

పై వారానికి ఆయన గోడ ఆగింది. ఆ పక్కనున్న మూసేసిన బట్టల కొట్టు రాలింది. తాయారు చుట్టు ఇంకా పెంచింది. ఇంకో కొట్టు, ఇంకో చుట్టు. చివరికి ప్రదక్షిణం వరస మొత్తాన్నీ చుట్టేసింది. పడమటి మూల మీదున్న రివర్ పాయింట్ టవర్‌ను మాత్రం కలుపుకోలేదు. ఆ అద్దాల మేడ ముందు పదిమంది గుమిగూడితే గార్డు వచ్చి పొమ్మనేవాడు. అందుకని జనం దాని అంచుదాకా వెళ్ళి, పక్క దారిలోకి తిరిగి, వెనకనుంచి వచ్చేవాళ్ళు.

టవర్‌లో మనుషులకేం కొదవలేదు. కానీ వాళ్ళు కార్లలో నేలమాళిగలోకి దిగి, లిఫ్టులో పైకి పోతారు. కొత్తలో చూడ్డానికొచ్చిన జనం చలి ముదిరేసరికి మానేశారు. వీధివైపు పెద్ద ద్వారం రోజంతా ఖాళీ. దాని పునాదికీ ఈ గచ్చే పట్టించారు, గచ్చుకు మేడ ఎత్తుతో పనిలేదు గదా.

ఒక బుధవారం పొద్దున టవర్ ద్వారం ముందు పిడికెడు ఇసుక కనిపించింది. మధ్యాహ్నానికి పై పలక ఒకటి జారి పేవ్‌మెంట్ మీద పగిలింది. ఎవరికీ తగల్లేదు.

ఇందుమతి ల్యాబ్‌లో ఉండగా కెసెల్ ఫోన్ చేసింది. గొంతులో అదే మెత్తదనం.

"ఆపుమందు ఉందన్నారు గుర్తుందా? పోసెయ్యండి."

"వీధంతా చస్తుంది."

"తెలుసు. ఈ పూటే పోయండి."

ఇందుమతి డబ్బాలు కారులో పెట్టుకుని వెళ్ళింది. టవర్ పునాది దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పోసింది. మందు నీళ్ళలా ఇంకింది, వాసన కూడా లేదు. పదేళ్ళ పనికి తన చేత్తోనే నీళ్ళొదిలినట్టైంది. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. మోకాళ్ళకు మాత్రం తడి తగిలింది.

వారానికి వీధి నిద్రపోయింది. టవర్‌కు ఉక్కు దూలాలు బిగించారు, అది నిలబడింది. దానికి లోపల వేరే ఎముకలున్నాయి. పాత ఇటుక మేడలకు అలాంటివేం లేవు. వాటి సున్నాన్ని గచ్చు ఎప్పుడో తినేసింది, ఇంతకాలం ఈ గోడనుంచి ఆ గోడకు మోసి అన్నిటినీ గుల్ల చేసింది, ఆ గచ్చు ఇప్పుడు చచ్చింది, ఇక పూడ్చేది లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అదే అయింది. సిటీ ఇన్‌స్పెక్టర్లు వచ్చి వరస మొత్తం తట్టి చూశారు. తాయారు మెస్ తలుపుకు, లోపల ఎవరూ ఉండకూడదని ఎర్ర కాగితం అంటించారు. లెస్టర్‌ను పక్క కౌంటీలోని ముసలివాళ్ళ హోమ్‌కు తీసుకెళ్ళారు. పానకాలు ఆయన గడియారాలను దుప్పట్లలో చుట్టి వ్యాన్ ఎక్కించి, వ్యాన్ మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు.

సామాను తీసుకోడానికి ఒక పగలు గడువిచ్చారు. ఇందుమతి సెలవు పెట్టి వచ్చింది. వంటింట్లో తాయారు గంగాళాలు ఒకదాన్లో ఒకటి పెడుతోంది. పానకాలు బయట అద్దె ట్రక్కులో బెంచీలు సర్దుతున్నాడు.

"ఇందూ, ఒకటడుగుతా" అంది తాయారు, పని ఆపకుండా. "మొన్న ఆ మేడ దగ్గర పోసిన మందు. అదెప్పుడు తయారుచేశావు?"

ఈమధ్యే చేశానంటే సరిపోతుంది. అక్కకు తెలిసే దారి లేదు, కెసెల్ చెప్పదు. ఇందుమతి నోరు తెరిచింది గానీ ఆ మాట రాలేదు.

"మొదట్నించీ ఉందక్కా."

"మా గోడ రాలినప్పుడూ?"

"ఉంది."

"లెస్టర్ గోడ రాలినప్పుడు?"

"అప్పుడూ ఉంది."

"అడిగితే మందు లేదన్నావు."

"అన్నాను."

"సుందరమ్మగారు ఆ మోకాళ్ళేసుకుని తిరిగింది" అంది తాయారు. "నా మాట మీద తిరిగింది. నువ్వు గూడా మాతోపాటు తిరిగావు, దణ్ణం పెట్టుకున్నావు."

"తిరిగాను."

అక్క తిడుతుందని ఇందుమతి ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది. తాయారు తిట్టలేదు. మూలనున్న పెద్ద గ్రైండర్ దగ్గరికి వెళ్ళి, వైరు తీసి చుట్టి, ఒక పక్క వంగి పట్టుకుంది. అది ఒక్క మనిషి ఎత్తేది కాదు. ఇందుమతి గబగబా రెండో పక్కకు వెళ్ళి చేతులు వేసింది.

"నువ్వొద్దులే" అంది తాయారు. నడుం పట్టుకుని నిటారుగా లేచి, వీధివైపు తిరిగి భర్తను కేక వేసింది. "ఏవండీ, ఇట్టొచ్చి ఓ చెయ్యెయ్యండి, మనిషి లేరిక్కడ."